తొమ్మిది గంటల గేటు

పది నిమిషాల కోసం నేను ఎలక్షన్లో నిలబడ్డాను. నవ్వితే నవ్వండి. ఒకళ్ళు పేరు కోసం నిలబడతారు, ఒకళ్ళు మాస్టర్ల మెప్పు కోసం నిలబడతారు. నేను మాత్రం తొమ్మిది గంటల నుంచి తొమ్మిదీ పది దాకా ఉండే ఆ కాస్త సమయం కోసం హైస్కూలు లీడరునయ్యాను.

మాది గోదావరి మధ్యలో ఉన్న లంక. అయిదో తరగతి దాకా లంకలోనే బడి ఉంది. ఆ పైన చదవాలంటే పంటు ఎక్కి గట్టు మీది ఊరికి రావాలి. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగిస్తే అదే పంటు. మనుషులూ, మోటారు సైకిళ్ళూ, పాలకేన్లూ, అరటిగెలలూ అన్నీ దాని మీదే. మొదటిది ఆరింటికి పాలతో వెళ్తుంది. రెండోది ఎనిమిదిన్నరకి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తిన్నగా పోతుంది గానీ, జూన్ నెలలో ఇసుక మేటలు బయటపడి ఉంటాయి, వాటి చుట్టూ తిరిగి పోవాలి. రేవులో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టెక్కి ఎంత పరిగెత్తినా తొమ్మిదీ పదికి ముందు బడి మొహం చూసినవాళ్ళు మా లంకలో లేరు.

బడి బెల్లేమో తొమ్మిదికి. బెల్లుతో పాటే గేటు మూత.

నేనిప్పుడు డిగ్రీ చదువుతున్నాను, అయినా ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ప్రార్థన అయ్యేదాకా, ప్రతిజ్ఞ అయ్యేదాకా, ఎవరో పేపర్లో వార్తలు చదివి వినిపించేదాకా మేం బయటే. ఆ తర్వాత స్కూల్ లీడరు లేటు పుస్తకం పట్టుకుని వచ్చి ఒక్కొక్కరి పేరూ రాసుకునేవాడు. ఆ పైన అందరి ముందూ పది గుంజీళ్ళు. లోపలికి వెళ్ళేసరికి మొదటి పీరియడ్ సగం పోయేది. అది లెక్కల పీరియడ్. మీ అమ్మాయికి లెక్కలు రావడం లేదండీ అని ఏడాదికోసారి మా అమ్మని పిలిచి చెప్పేవారు. ఎందుకు రావడం లేదో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"మొదటి పంటుకి వచ్చెయ్యొచ్చు కదే, ఏంటి మీ బద్ధకం?" అనేవారు పీఈటీ మాస్టారు. బద్ధకమట! ఆరింటి పంటు ఎక్కాలంటే అయిదింటికి వంటవ్వాలి. మా అమ్మలు తెల్లారకుండానే పూలతోటల్లో ఉంటారు. పొద్దెక్కాక కోస్తే పూలు వడిలిపోతాయి. పోనీ ఖాళీ కడుపుతోనే వచ్చామనుకోండి, ఏడింటి నుంచి తొమ్మిది దాకా తాళం వేసిన బడి ముందు మమ్మల్ని ఏం చెయ్యమంటారు, కాపలా కాయమంటారా? ఇదంతా ఆయన మొహం మీద అడిగెయ్యాలని ఉండేది. అడిగేదాన్ని కాదు. "ఆయ్, అలాగేనండి" అని ఊరుకునేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం చెల్లి ముందు కూర్చుని మాస్టార్ని అనుకరిస్తూ చెడామడా దులిపేసేదాన్ని. నా పౌరుషమంతా ఇంట్లోనే.

మా బడిలో తొమ్మిదో తరగతి పరీక్షలకి ముందే వచ్చే ఏడాదికి లీడర్లని ఎన్నుకుంటారు. ఆడపిల్లల్లో ఒకరు, మగపిల్లల్లో ఒకరు. లంక నుంచి అంతకు ముందు ఎవరూ నిలబడలేదు. రోజూ లేటుగా వచ్చేవాళ్ళు లీడర్లేంటని కొందరు నవ్వారు. నేను క్లాసు క్లాసుకీ వెళ్ళి ఒక్కటే మాట చెప్పాను. "నేను గెలిస్తే లంక పిల్లలు గేటు బయట నిలబడరు." లంక పిల్లలు ఎలాగూ వేస్తారు. ఊరి పిల్లలు కూడా చాలామంది వేశారు. ఎందుకు వేశారో నాకిప్పటికీ అర్థం కాదు, బహుశా వాళ్ళకీ రోజూ ఆ గుంజీళ్ళు చూసి చూసి విసుగొచ్చి ఉంటుంది.

మా చెల్లి అప్పుడు లంకబడిలో అయిదో తరగతి. జూన్‌లో ఆరోతరగతికి హైస్కూలుకి రావాలి. దానికి ఆ గేటంటే ప్రాణం పోయేంత భయం. ఆ భయం ఎక్కించింది నేనే, రోజూ ఇంటికొచ్చి చెప్పిన కబుర్లతో. "నేను వెళ్ళనే అక్కా. అందరూ చూస్తుండగా గుంజీళ్ళు తియ్యలేను" అని ఏడ్చేది. చదువు మానేసి అమ్మతో పూలతోటకి పోతానని కూడా అంది ఒకసారి. గెలిచిన రోజు సాయంత్రం దాని గడ్డం పట్టుకుని చెప్పాను. "నీ మొదటి రోజున గేటు బార్లా తీసి ఉంటుంది. నేను ఎదురుగా నిలబడి నిన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తాను. సరేనా?"

ఆ మాట అది లంకంతా చాటింపు వేసింది. వేసవి సెలవుల్లో పిల్లల్ని పోగేసి ఇసుకలో బడి ఆట ఆడింది. బెల్లు ఉంది, మాస్టారు ఉన్నారు, బెత్తం కూడా ఉంది. గేటు మాత్రం పెట్టలేదు.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు లీడర్లిద్దర్నీ హెడ్మాస్టారు పిలిపించారు. రెండో లీడరు గట్టు మీది ఊళ్ళో పెద్దరైతు కొడుకు, నా క్లాసే. "ఈసారి మన స్వాగతం అదిరిపోవాలి" అన్నారు హెడ్మాస్టారు. బడికి మంచినీళ్ళ ప్లాంటు కట్టించిన ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా తొమ్మిదింటికి వస్తారట. ఆయన ముందు లీడర్లు బడినంతా కొత్త ఏడాదికి ఆహ్వానిస్తూ మాట్లాడాలి. నా ఉపన్యాసం హెడ్మాస్టారే రాసి ఉంచారు, రెండు పేజీలు. "నూతన విద్యా సంవత్సరానికి స్వాగతం, సుస్వాగతం" అని మొదలు. "మన బడి ఒక కుటుంబం, ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు" అని మధ్యలో. అంతా వెతికాను. మా లంక ఊసు ఎక్కడా లేదు.

"మాస్టారండీ, గేటు సంగతి..." అన్నాను.

"ఏ గేటమ్మా?"

"పంటు వచ్చేదాకా పది నిమిషాలు తీసి ఉంచితే చాలండి. కనీసం మొదటి రోజైనా. కొత్తగా ఆరులోకి వచ్చేవాళ్ళున్నారండి."

"చూద్దాంలే."

మా హెడ్మాస్టారు చెడ్డవారు కారు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆ "చూద్దాంలే". ఫ్యాను తిరగడం లేదండీ అంటే చూద్దాంలే. ఆడపిల్లల బాత్రూముకి గడియ లేదండీ అంటే చూద్దాంలే. ఆ ఒక్క మాట మీద బడిని ఏళ్ళ తరబడి లాక్కొచ్చారు. ఆ రోజు మాత్రం అంతటితో ఆగలేదు. "స్టేజీ మీద ఇలాంటివి ఎత్తకు. మొదటి రోజు నాలుగు మంచి మాటలు మాట్లాడుకోవాలి" అన్నారు. తలూపాను. లోపల మాత్రం, రెండు పేజీలూ చదివేసి చివర్లో నా మాట చెప్పి తీరాలని గట్టిగా అనుకున్నాను. మైకు నా చేతిలో ఉంటే ఎవరేం చేస్తారు?

ఇక పూల సంగతి. ఇది చెప్పాలంటే నా మీద నాకే కంపరం. దండలు తణుకు నుంచి తెప్పిద్దామా అని మాస్టర్లు అనుకుంటుంటే, ఎవరూ అడక్కుండానే మధ్యలో దూరి, "మా లంక లిల్లీలుండగా తణుకెందుకండీ? నేను తెప్పిస్తాను" అన్నాను. గొప్ప! లంకపిల్ల లీడరైతే ఎలా ఉంటుందో అందరికీ చూపించాలని. హెడ్మాస్టారు సంబరపడిపోయారు. "అద్గదీ! లీడరంటే అలా ఉండాలి" అన్నారు. ఆ మాటకి ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

ఏర్పాట్ల కోసం నేను ఆరింటి పంటుకే వెళ్ళాలి. అప్పటికి పూలు ఇంకా మొక్కల మీదే ఉంటాయి. అమ్మ కోసి, దండలు గుచ్చేసరికి ఎనిమిదవుతుంది. కాబట్టి దండలు పిల్లలతో పాటు రెండో పంటులో రావాలి. ముందు రోజు సాయంత్రం రేవులో బాబాయిని పట్టుకున్నాను. బాబాయంటే ఊరి వరసకి. చేపలు పట్టే కుటుంబం వాళ్ళది, పంటు నడిపేదీ ఆయనే.

"బాబాయ్, రేపొక్కరోజు ఎనిమిదింటికే కదిలించెయ్యవా? పిల్లలు తొమ్మిదికి ముందే బడిలో ఉండాలి."

"ఓస్, అంతేనా! తమరు ఆర్డరేస్తే ఏడున్నరకైనా కదిలిస్తానండి లీడరు గారూ" అన్నాడు వేళాకోళంగా.

నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాను. "దండలు మర్చిపోకు బాబాయ్. అవొచ్చేదాకా మాత్రం కదలకు. అవి లేకపోతే నా పరువు పోతుంది."

ఈ రెండు మాటలకీ పొంతన కుదరదని నాకు తట్టలేదు. దండలు ఎనిమిదికల్లా రేవులో ఉంటాయని నా ధీమా. ఇంటికెళ్ళి, అద్దం ముందు నిలబడి, నా చివరి మాట పదిసార్లు అప్పజెప్పుకున్నాను. "ఇంకొక్క మాటండి. మా పంటు తొమ్మిదీ పదికి వస్తుందండి. గేటు అప్పటిదాకా తీసి ఉంచండి." అంతే. మూడు ముక్కలు. చెల్లి పక్కన కూర్చుని పదిసార్లూ చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఏడింటికల్లా బడిలో ఉన్నాను. మామిడి తోరణాలు కట్టాం, ముగ్గులు పెట్టాం, కుర్చీలు తుడిచాం. స్కూల్ లీడర్ అని రాసిన బ్యాడ్జీ చున్నీకి పెట్టుకుని ఒకటికి నాలుగుసార్లు సరిచేసుకున్నాను. ఎనిమిదిన్నర నుంచి రేవు దారి వైపు చూస్తూనే ఉన్నాను. ఎనిమిదీ నలభై అయిదు. ఎవరూ లేరు.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా పీఈటీ మాస్టారు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "బెల్లు కొట్టగానే గేటు వేసెయ్. గెస్టు వచ్చే టైముకి ఎవరూ అటూ ఇటూ తిరగకూడదు. లీడరువి, ఇక నువ్వే చూసుకోవాలి."

"మాస్టారండీ, లంక పిల్లలు ఇంకా రాలేదండి..."

"రోజూ ఉండేదేగా" అంటూ విజిల్ ఊదుకుంటూ వెళ్ళిపోయారు.

రోజూ ఉండేదేగా! అవును మహానుభావా, రోజూ ఉండేదనే కదా నేను లీడరునైంది!

బెల్లు కొట్టారు. రెండో లీడరు నా పక్కకొచ్చి మెల్లిగా, "వెయ్యొద్దు. తీసే ఉంచు. ఎవరైనా అడిగితే నేనే తీశానని చెప్తాను" అన్నాడు. నిజంగానే చెప్పేవాడు. అతన్ని ఎవరూ ఏమీ అనేవారు కూడా కాదు. "నీకేం, ఊళ్ళోవాడివి. తిట్లు తినేది నేను" అన్నాను విసురుగా. మొదటి రోజే మాట వినని లీడరు అనిపించుకుంటే మైకు ఇవ్వరేమో. మైకు ఇవ్వకపోతే గేటు సంగతి ఎవరితో చెప్పుకోను? ఆ నిమిషాన అది నాకు మహా తెలివైన ఆలోచన అనిపించింది. గేటు గురించి మాట్లాడటం కోసమే గేటు వేస్తున్నాననుకున్నాను. వేసి, తాళం తిప్పాను.

తొమ్మిదీ ఇరవైకి వచ్చారు. ఇరవై మందికి పైనే, గట్టు దుమ్ము మోకాళ్ళ దాకా. అందరికంటే ముందు మా చెల్లి. నా పాత యూనిఫాం కుదించి కుట్టింది వేసుకుని, రెండు జడలకి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, పూలబుట్ట రెండు చేతులతో గుండెకి హత్తుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగింది. తాళం చూసింది. నా చేతిలో తాళంచెవి చూసింది.

తియ్యబోయాను, అది మాత్రం నిజం. తాళంచెవి తాళంలో పెట్టాను కూడా. అంతలో పీఈటీ మాస్టారు రొప్పుకుంటూ వచ్చారు. "దండలొచ్చాయా? హమ్మయ్య! ఇలా పైనుంచి అందించండి. మీరు మాత్రం అక్కడే ఉండండి, కారు వచ్చేస్తోందట." చెల్లి బుట్ట పైకెత్తింది. దానికి అందలేదు. వెనకనుంచి ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతె సాయం పట్టింది. గేటు మీదుగా బుట్ట ఇవతలికి వచ్చింది. అందుకున్నది నేనే. దండల మీద కప్పిన తడిగుడ్డ ఇంకా చల్లగా ఉంది.

పూలు లోపలికి వచ్చాయి, మోసుకొచ్చిన పిల్లలు బయట ఉండిపోయారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను చూడలేదు. చూడటమేంటి, చేశాను.

కారు మాత్రం రాలేదు. పెనుగొండ అమ్మవారి దర్శనం చేసుకుని బయల్దేరారని తొమ్మిదిన్నరకి ఒక కబురు. దారిలో ఎవరింట్లోనో కాఫీకి ఆగారని పదింటికి ఇంకో కబురు. బడంతా ఎండలో వరసల్లో కూర్చుంది. ఈలోగా తియ్యొచ్చు కదండీ అని రెండుసార్లు అడిగాను. "ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తారు, ఉండవమ్మా" అన్నారు రెండుసార్లూ.

పదీ ఇరవైకి కారొచ్చింది. చెరో రెక్కా పట్టుకుని నేనూ రెండో లీడరూ గేటు బార్లా తీశాం. లంక పిల్లలు కారుకి దారిచ్చి గోడవారకి సర్దుకున్నారు. కారు వెనకే రాబోతుంటే పీఈటీ మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "ప్రోగ్రాం అయ్యాక, ప్రోగ్రాం అయ్యాక" అంటూ గేటు మళ్ళీ మూసేశారు. గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మనిషి మెడలో మా అమ్మ గుచ్చిన దండ పడింది. ఆయన్ని ఎవరూ గుంజీళ్ళు తియ్యమనలేదు.

నా వంతు వచ్చింది. మైకు పట్టుకున్నాను. స్పీకరు రోడ్డు వైపుకి తిప్పి కట్టారు, నా గొంతు గేటు బయటికి ఖంగున పోతోంది. "స్వాగతం, సుస్వాగతం" అన్నాను. గేటు ఊచల్లోంచి ఎర్ర రిబ్బన్లు కనపడుతున్నాయి. "ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు" అని కూడా చదివాను. రెండు పేజీలూ అయిపోయాయి.

"ఇంకొక్క మాటండి" అన్నాను.

హెడ్మాస్టారు తల తిప్పి చూశారు. కోపంగా కాదు, నవ్వుతూ, ఎంత బాగా చదివావమ్మా అన్నట్టు. మెడలో లిల్లీలతో అతిథి కూడా నవ్వుతూ నా వైపే చూస్తున్నారు. కళ్ళెర్రజేసి ఉంటే మొండికేసి చెప్పేసేదాన్నేమో. ఆ నవ్వుల్ని పాడుచెయ్యడానికి నోరు రాలేదు. నా కోసం అంతమంది పెద్దవాళ్ళు ఒకేసారి నవ్వడం అదే మొదలు.

"మా లంక పూలు అందరికీ నచ్చాయనుకుంటున్నానండి. థాంక్యూ" అన్నాను.

చప్పట్లు. ఛీ, నా నోరు పడిపోను.

పదకొండున్నరకి కారు వెళ్ళింది. అప్పుడు తీశారు గేటు. చెల్లి చెయ్యి పట్టుకుందామని పరిగెత్తాను. పీఈటీ మాస్టారు ఎదురొచ్చి కొత్త లేటు పుస్తకం నా చేతిలో పెట్టారు. పేరు, తరగతి, ఊరు, కారణం అని నాలుగు గడులు నీటుగా స్కేలుతో గీసి ఉన్నాయి.

"మొదటి రోజు కదండీ, ఈసారికి వదిలెయ్యండి" అన్నాను.

"మొదటి రోజే వదిలేస్తే ఇక ఏడాదంతా ఇంతే. లీడరువి, నువ్వే ఇలా అంటే ఎలాగమ్మా?"

వాళ్ళు వరసలో నిలబడ్డారు. మామూలుగా అయితే లేటు వరసలో అల్లరి, గిల్లుకోవడం, రాసేవాళ్ళని వెక్కిరించడం ఉంటుంది. ఆ రోజు అవేవీ లేవు. పేర్లు చెప్పారు, రాసుకున్నాను. కారణం గడిలో ఎవర్నీ అడక్కుండా పంటు, పంటు, పంటు అని నింపుకుంటూ వచ్చాను. చివర్న మా చెల్లి మిగిలింది. దాని పేరు నేనే రాసుకోబోతుంటే, ఇంటిపేరుతో సహా అదే చెప్పింది.

"ఆరో తరగతండి. లంకండి" అంది.

"ఏంటే ఇది, నేనే" అన్నాను గొంతు తగ్గించి.

నా మొహం చూడలేదు. కళ్ళు వాచి ఉన్నాయి, ఏడుపు బయటే అయిపోయినట్టుంది. "పంటు ఎనిమిదింటికే కదలబోయిందండి. బాబాయి ఇంజను కూడా స్టార్ట్ చేశాడండి. పూలొచ్చేదాకా కదలొద్దని లీడరు గారు చెప్పారని మళ్ళీ ఆపేశాడండి."

"తొందరగా కానివ్వమ్మా, పీరియడ్ పోతోంది" అన్నారు వెనకనుంచి పీఈటీ మాస్టారు.

నేను దాని పేరుకి ఎదురుగా 'పంటు' అని రాశాను. రాస్తుంటే చూసింది. చూసి, వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడి, రెండు చేతులూ మార్చి చెవులు పట్టుకుంది. గుంజీళ్ళు లెక్కపెట్టడం కూడా లీడరు పనే. పీఈటీ మాస్టారు కానివ్వమన్నట్టు తలాడించారు.

"ఒకటి" అన్నాను.